విల్బర్ ట్రాస్క్ ఓడలో రెండో వంటమనిషి

సైమి కంగాస్‌కు కోపం వస్తే ఏళ్ళు నిలుస్తుంది. ఓడ మీద వచ్చిన కోపం మూడేళ్ళు నిలిచింది. వంటింటి కిటికీ తీస్తే ఎదురుగా రేవు, రేవులో ఆరువందల అడుగుల విల్బర్ ట్రాస్క్. అంత దాన్ని చూడకుండా ఉండడం మాటలు కాదు. అయినా ఆవిడ కిటికీకి తెర కట్టేసి, చూడకుండానే గడిపింది.

ఆ ఓడ 1913లో నీళ్ళలోకి దిగింది. సుపీరియర్ సరస్సు ఒడ్డున ఇనుపరాయి ఎక్కించుకుని కింది సరస్సుల ఒడ్డునున్న ఉక్కు మిల్లులకు పోయేది, తిరిగొచ్చేటప్పుడు బొగ్గు తెచ్చేది. ఏప్రిల్లో మంచు కరగ్గానే బయల్దేరడం, డిసెంబరులో నీళ్ళు గడ్డకట్టే వేళకు రేవు చేరడం, అరవై ఆరేళ్ళు ఇదే పని. తర్వాత దీనికి రెండింతల ఓడలొచ్చి దీన్ని పక్కకు నెట్టేశాయి. తుక్కు కింద కోసేస్తారని తెలిసి ఊరు ఊరంతా అడ్డం పడింది. గనుల వాళ్ళు, చర్చి వాళ్ళు, బడి వాళ్ళు తలా ఒక చెయ్యి వేసి దాన్ని ఊరి రేవులోనే కట్టేసి, జనం చూడ్డానికి నిలబెట్టుకున్నారు. సైమి కూడా ఊరుకోలేదు. ఏలకులు వేసిన రొట్టెలు కాల్చి అమ్మి, వచ్చిందంతా పట్టుకెళ్ళి ఇచ్చింది.

ఇవ్వదా మరి? ఆవిడ భర్త ఆర్వో ఆ ఓడలో పెద్ద వంటవాడు. ఆవిడ అతని కింద రెండో వంటమనిషి. ఒకటా రెండా, పంతొమ్మిది సీజన్లు! ఆర్వో పులుసు రుచి చూసి మీసం దువ్వుకునేవాడు. పిండి పిసకడం, గిన్నెలు తోమడం, బస్తాలకు బస్తాలు బంగాళాదుంపల తొక్కు తీయడం ఈవిడ వంతు.

ఓడను జనానికి తెరిచిన రోజున సైమి కొత్త గౌను వేసుకుని వెళ్ళింది. భోజనాల గది గోడకు సిబ్బంది పేర్లు రాసిన చెక్కపలక పెట్టారు. వరసగా చదువుకుంటూ వచ్చింది. చివర్లో 'పెద్ద వంటవాడు ఆర్వో కంగాస్, భార్య' అని ఉంది. భార్య, అంతే. దాని కింద ఓడ పిల్లి పేరు కూడా రాశారు. పిల్లికున్న పేరు తనకు లేకపోయింది. ఆవిడ వెంటనే దిగి వచ్చి, వంటింటి కిటికీకి తెర కట్టేసింది.

పలక మీది పేర్లు ఓడ కంపెనీ జీతాల పుస్తకం చూసి రాసినవి, అందులో అలాగే ఉండేది. ఆ సంగతి ఆర్వో బతికున్నప్పుడే ఒకసారి అడిగింది. "జీతం ఇద్దరికీ కలిపే ఇస్తున్నారుగా, పేరేం చేసుకుంటావే?" అని నవ్వేశాడు మహానుభావుడు. ఆ రోజు అతనికి 'యాపిల్ పై' తీపి ముక్క పెట్టలేదు.

మూడో ఏడు అక్టోబరులో, ఓడ బాగోగులు చూసే మార్లా అనే అమ్మాయి వచ్చి తలుపు తట్టింది. సంచిలో 1958 నాటి ఫోటో ఒకటి ఉందని చెప్పింది. భోజనాల బల్ల చుట్టూ ఇరవై రెండు మంది. ఆరుగురి పేర్లే తెలిశాయి. మిగతావాళ్ళ మనవలు వచ్చి మా తాత ఎవరని అడుగుతున్నారు, మీరేమైనా చెప్పగలరా అంది.

"నీ పుస్తకాన్ని అడగకపోయావా అమ్మాయ్? అందులో అన్నీ ఉంటాయిగా."

మీ పేరు చేర్చాలని నాకూ ఉంది, కానీ రుజువు లేనిదే పలక మీద అక్షరం మార్చడానికి ఓడను నడిపే సంఘం ఒప్పుకోదు అని చెప్పింది మార్లా. సైమి దగ్గర కాగితం ఎక్కడిది? సాక్ష్యం చెప్పే తోటివాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. తనూ పోతే పంతొమ్మిదేళ్ళూ 'భార్య' అన్న మాట కింద కలిసిపోతాయి. ఆవిడ లేచి కోటు తొడుక్కుంది.

"ఆ ఫోటో బయటికి తీయకు. సంచిలోనే ఉండనీ, లేకపోతే చూసి చెప్పానంటారు. పద."

భోజనాల గదిలో బల్ల మీద ఇస్త్రీ చేసిన గుడ్డ పరిచి, కంచాలు సర్ది, 'నవంబరు తుఫాను రోజు భోజనం' అని చీటీ పెట్టి ఉంది. సైమికి నవ్వాగలేదు. "పొడిగుడ్డ మీదా తుఫాను భోజనం? పులుసంతా ఒళ్ళోకొచ్చేది. గుడ్డ తడిపి పరిస్తే కంచం జారదు. ఇది కూడా ఎవరూ చెప్పలేదా నీకు?" మార్లా బుగ్గలు ఎర్రబడ్డాయి. గబగబా రాసుకుంది.

ఓడలో ఒక కట్టుబాటు ఉండేది. సీజను మొదటి రోజు ఎవరు ఏ కుర్చీలో కూర్చుంటే డిసెంబరు దాకా ఆ కుర్చీ వాళ్ళదే. కెప్టెన్ వచ్చినా ఇంకొకరి కుర్చీ ముట్టుకోడు. అవి నేలకు బిగించిన కుర్చీలు, ఇప్పటికీ ఉన్నచోటే ఉన్నాయి. సైమి 1958 నాటి వరసలో, వంటింటి తలుపు దగ్గర మొదలుపెట్టి, చేతిలో గిన్నె ఉన్నట్టే ఎడమవైపు నుంచి ఒక్కో కుర్చీ వెనక ఆగుతూ నడిచింది.

"ఒట్టో లిండ్‌గ్రెన్. ఉల్లిపాయ పడదు. పక్కన ఎమిల్ రాచా, కాఫీలో రొట్టె ముంచి బల్లంతా పాడుచేసేవాడు. ఇది క్లారెన్స్ డూఫోర్‌ది."

అక్కడ ఆవిడ గొంతు తగ్గింది. ఆ ఏడు నవంబరులో క్లారెన్స్ మంచు పట్టిన డెక్కు మీద కాలుజారి సరస్సులో పడ్డాడు, దొరకలేదు. రేవు చేరేదాకా మూడు పూటలా ఆ కుర్చీ ముందు కంచం పెడుతూనే వచ్చానని చెప్పింది. పెట్టమని ఎవరూ అనలేదు, తీసెయ్యమనీ అనలేదు.

ఇరవై రెండు కుర్చీలూ అయ్యాయి. మార్లా ఫోటో తీసి వెనక్కి తిప్పింది. తనకు తెలిసిన ఆ ఆరు పేర్లూ అక్కడ ఎవరో పెన్సిలుతో, కూర్చున్న చోటుతో సహా రాసినవి. వాటిని ఆమె ఇంతవరకూ ఎవరికీ చూపలేదు. ఆరుకు ఆరూ సరిపోయాయి. ఇంతకన్నా రుజువేం కావాలి?

"సంఘం సంగతి నేను చూసుకుంటాను. పలక మీద ఏం రాయమంటారు సైమి గారూ?"

మూడేళ్ళుగా సైమి ఎన్ని మాటలో సిద్ధం చేసుకుంది. తీరా అడిగేసరికి అన్నీ ఎగిరిపోయాయి. "సైమి కంగాస్. రెండో వంటమనిషి. పంతొమ్మిది సీజన్లు," అంది.

మార్లా రాసుకుని తలెత్తింది. "మరి మీరెక్కడ కూర్చునేవారు?"

"నేనా?" సైమి బల్ల చుట్టూ చూసింది. "నేను కూర్చోలేదమ్మా."

మార్లా దగ్గర్లోని కుర్చీ చూపించి, ఇప్పుడు కూర్చోండి అంది. అది ఒట్టోది అంది సైమి. పక్కది చూపిస్తే అది ఎమిల్‌ది. ఇరవై రెండూ ఎవరివో ఒకరివి. ఆ అమ్మాయి మరి వాదించలేదు. ఆఫీసు గదికి వెళ్ళి మడత కుర్చీ ఒకటి మోసుకొచ్చి, బల్ల చివర, వంటింటి తలుపు పక్కన వేసింది.

"ఇది ఎవరిదీ కాదు. మీది."

సైమి కూర్చుంది. కూర్చున్నాక ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, కోటు అంచు పట్టుకుని అలాగే కూర్చుంది.