కొత్త బోరులో పాత మోటరు

ఈ పొద్దు పొద్దున్నే మస్తానన్న మా కంప్యూటర్ షాపుకు వచ్చినాడు. కళ్యాణదుర్గంలో పెండ్లి పత్రికలు అచ్చేస్తాడు. ఆయన పాత కంప్యూటర్ చచ్చిపోయింది. దాన్ని ఉన్నదున్నట్లు ముందే బ్యాకప్ ఇమేజ్ తీసి పెట్టినా కాబట్టి, ధైర్యంగా కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కించినా. నీలం తెర వచ్చి ఆడనే నిలబడిపోయింది.

"ఏమప్పా, దీనికేం రోగం?"

"పాత బోరు మోటరు తీసి కొత్త బోరులో దించినామన్నా. పైపులు కుదరల్యా," అన్నా.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. సాయంత్రం దాకా మస్తానన్న ఫోన్ మీద ఫోన్: "నీళ్లు పడినాయా?" కొత్త మిషనుకు సరిపడే డ్రైవర్ సాఫ్ట్‌వేర్లు మార్చి మార్చి నా నడుము పడిపోయింది.

పొద్దుగూకే యాళకు కంప్యూటర్ తెరుచుకొనింది. పత్రికలన్నీ ఉండాయి. తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేర్ మాత్రం, ఇది వేరే కంప్యూటరని కనిపెట్టి, మళ్లీ లైసెన్సు అడుగుతాండాది. రేపు అచ్చుకు పోవాల్సిన పత్రికలో పెండ్లికూతురి పేరు ఇంకా కొట్టనేలేదు.

మస్తానన్న వచ్చి చూసి కుర్చీలో కూలబడినాడు. "పడినాయిలేప్పా. ఉప్పునీళ్లు."

అరచేతిలో టెంకాయ పెట్టుకొని బోరుకు నీళ్ల పాయింట్ చూసినట్లు, కంప్యూటర్‌కు చూసేవాళ్లు మీ ఊళ్లో ఎవరైనా ఉంటే చెప్పండప్పా.