పొగ లేని బండి

స్టేషను ముందు రంగులేసి నిలబెట్టిన పాత డీజిల్ ఇంజను దగ్గర పిల్లలు నవ్వుతూ ఫోటోలు దిగుతున్నారు. నాకు నవ్వు రాలేదు. మనవరాలితో రాయిస్తున్నాను, నా ఈడువాళ్లు వినండి.

మా నాయన కాలే పట్టాల మీద ఉత్తకాళ్లతో పరిగెత్తుతూ రైల్వే ట్రాలీ తోసేవాడు. సాయంత్రం అమ్మ ఆ అరికాళ్లకు ఆముదం రాసేది. బొగ్గు ఇంజను పొగ మన బయలునేలలో ఆమడ దూరానికే కనిపించేది, గుర్తుందా? "పొగ చూసినాక ట్రాలీ పక్కకు ఎత్తేకి బోలెడు టైముంటాది పాపా" అనేవాడు.

కదిరి దారిలో డీజిల్ కొత్తగా వచ్చిన వారమే అది నాయనను గుద్ది చంపింది.

"పనిలో నిద్రపోయినాడంట" అన్నాడు నాయనతో పని చేయించే మేస్త్రీ.

"కాలే పట్టా మీద పరిగెత్తేవాడు నిద్రెట్ల పోతాడప్పా?" అని అమ్మ నిలదీసింది. అయినా రైల్వే కాగితంలో నిద్ర అనే రాశారు.

ఇప్పుడు నేను రాయిస్తున్నాను. మా నాయన నిద్రపోలేదు. పొగ కోసం చూస్తూ ఉన్నాడు.