చచ్చిన పొడి గీసిన కొండ

నా చిన్నప్పుడు మా వైపు భూములమ్ముకున్న ప్రతివాడూ రాత్రికి రాత్రే పెద్దమనిషైపోయాడు. తూంకుంట దగ్గర పొలాలమ్మి, గాజులరామారం అవతల ఫ్యాక్టరీ పెట్టిన మా ఊరి పటేలు కూడా అలాంటివాడే. రసాయన కంపెనీలకు ఉత్ప్రేరకం తయారుచేసేవాళ్ళక్కడ. అదొక తెల్లటి పొడి, నిండా కంటికి కనపడని రంధ్రాలు. దాని గురించి పటేలుకు తెలిసిందల్లా బస్తా మీద తన పేరు ఎంత పెద్దగా ఉండాలన్నదే.

మా మేనత్త ఆ ల్యాబులో కెమిస్టు. ఇంట్లో పెద్దలందరితో పోట్లాడి తెచ్చుకున్న ఉద్యోగం. వేసవి సెలవుల్లో ఒకరోజు నన్నూ వెంట తీసుకెళ్ళి, తన పనేమిటో నాకర్థమయ్యేలా చెప్పింది. ముందు పొడికి అమ్మోనియా పట్టిస్తారు. పైపైన అంటుకున్నది కొట్టుకుపోయేదాకా దాని మీదుగా దేనితోనూ కలవని మరో గ్యాసును తోలుతారు. ఆ తర్వాత మెల్లగా వేడి చేస్తారు. పొడి గట్టిగా పట్టుకున్న అమ్మోనియాను ఏ వేడి దగ్గర ఎంత వదిలిందో యంత్రంలోని పెన్ను కాగితం మీద గీస్తుంది. బాగా వేడెక్కాక గీత కొండలా లేస్తే పొడిలో సత్తువ ఉన్నట్టు.

ఆరోజు సరుకు కొనేవాళ్ళు వస్తున్నారు. పటేలు ఇద్దరు భజనపరులను వెంటేసుకొచ్చి, గీత మరీ పొట్టిగా ఉందని పెదవి విరిచాడు. గ్యాసు తోలడం దండగ, వేడి జల్దీ పెంచమని హుకుం జారీ చేశాడు. అలా చేస్తే పైపైన అంటుకున్నది కూడా లెక్కలోకొస్తుందని అత్త ఓపిగ్గా చెప్పింది. ఆయన ఆవులించాడు.

అత్త అలమరలోంచి ఒక సీసా తీసి, అందులోని పొడి గొట్టంలో పోసి, అచ్చం ఆయన చెప్పినట్టే చేసింది. పెన్ను కాగితం పైఅంచు దాకా ఎగబాకింది. భజనపరులు తామే గీసినట్టు మురిసిపోయారు.

"మస్తు లేసింది. గిదే వాళ్ళకియ్యి. సంతకం జెయ్యి," అన్నాడు పటేలు.

అత్త సీసా ఆయన ముందు పెట్టింది. "గిది పోయినసారి వాపసొచ్చిన పొడి పటేలా. అండ్ల సత్తువే లేదు. మీరు చెప్పినట్టు చేస్తే చచ్చిన పొడి గూడ గిట్లనే లేస్తది."

ఆయన సిగ్గుపడతాడనుకున్నాను. చిన్నపిల్లను కదా, అందరికీ సిగ్గుంటుందనుకునేదాన్ని.

"వాళ్ళకెట్ల తెలుస్తది? సంతకం జేస్తవా, ఇంట్ల కూసుంటవా?" అన్నాడు.

అత్త తన పెన్నుకు మూతపెట్టి సంచిలో వేసుకుంది. సీసా కూడా వేసుకుంది. ఉద్యోగం పోయిందని బస్సులో నేను ఏడుస్తుంటే నా తల నిమిరింది.

"యంత్రం ఆయనది బిడ్డా. సంతకం నాది," అంది.

ఇంట్లో పెద్దలు పండగ చేసుకున్నారు. అత్తకు మళ్ళీ ఏ ల్యాబులోనూ పని దొరకలేదు. మేడ్చల్‌లో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చదివించింది. పటేలు మాత్రం నాయకుడై, గండిమైసమ్మ చౌరస్తాలో ఫ్లెక్సీ నిండా చేతులు జోడించి నవ్వాడు. ఆ నవ్వు కింద నిలబడి బస్సెక్కిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది.

ఇప్పుడు శామీర్‌పేటలో నేనూ అదే పని చేస్తున్నాను. కంప్యూటర్లొచ్చాయి, పటేళ్ళు మాత్రం పోలేదు. కోటు వేసుకుని వస్తున్నారంతే. ఎవరైనా ఎత్తైన గ్రాఫు తెచ్చి మురిసిపోతే, అత్త ఇచ్చిన ఆ సీసా వాళ్ళ ముందుకు తోస్తాను. మీ పద్ధతిలోనే దీన్ని కూడా కొలిచి రండి అంటాను. అడుగున కొంచెమే మిగిలింది. కొలిచొచ్చి ఆ చచ్చిన పొడిని మెచ్చుకోనివాడు ఇంతవరకూ ఒక్కడూ రాలేదు.