మైకు ఆపేసిన కృతజ్ఞత కూడిక

తుఫాను తర్వాత నాతో ఎవరు మాట్లాడినా చివరికి ఒకే మాట అనేవారు. "దేవుడు నిన్ను దేనికో ఉంచేడమ్మా." మా ఊరివాళ్లు, బియ్యం మూటలు పంచడానికి వచ్చినవాళ్లు, పాత చీరలు తెచ్చినవాళ్లు, నష్టం రాసుకుపోవడానికి వచ్చిన ఆఫీసర్లు, అందరిదీ అదే పాట. నాకప్పుడు పందొమ్మిదేళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండిపోయేది. ఉంచినాయన దేనికుంచాడో కూడా ఓ ముక్క చెప్పి పోవచ్చు కదా అనిపించేది.

మాది కాట్రేనికోన దాటాక రోడ్డు ఆగిపోయి ఇసుక మొదలయ్యే చోట, సముద్రం మీద బతికే ఊరు. తొంభై ఆరు నవంబరులో తుఫాను వచ్చిన రోజు నాన్న, అన్నయ్య వేటకెళ్లి ఉన్నారు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో నేనూ, వదినా. వదిన మా ఇంటికి కాపురానికి వచ్చి రెండేళ్లు, ఇంకా పిల్లల్లేరు. ఊళ్లో శ్లాబు వేసిన కట్టడం చర్చి ఒక్కటే. మేం గంగమ్మతల్లిని కొలిచేవాళ్లం, అంతకుముందు చర్చి గడప తొక్కింది లేదు. గాలి పెరిగాక ఆ తేడాలు ఎవరికి గుర్తుంటాయి! పాస్టరుగారినీ ఆయన భార్యనీ ఊరంతా అయ్యగారు, అమ్మగారు అనే పిలిచేది. వాళ్లిద్దరూ తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్లని వచ్చినట్టు లోపలికి లాగారు. బెంచీల మీద బెంచీలు వేసి పిల్లల్ని పైన కూర్చోబెట్టారు. పెద్దవాళ్లం కిటికీల దాకా వచ్చిన నీళ్లలో నిలబడ్డాం.

తెల్లారాక బయటికి వచ్చి చూసింది ఇవాళ్టికీ నా కళ్ల ముందే ఉంది. కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపుకు తలలు పెట్టి పడుకుని ఉన్నాయి. కాకి అరుపు లేదు, కుక్క అరుపు లేదు. ఎటు చూసినా నీళ్లే, తాగడానికి చుక్క లేదు. అమ్మగారు కత్తి పట్టుకుని, పడిపోయిన చెట్ల బొండాలు కొట్టి ఒక్కొక్కరి చేతికీ ఇస్తూ నడుస్తున్నారు. చీర చిరిగిపోయి ఉంది, కాళ్లకి చెప్పుల్లేవు. అంత పెద్ద చెట్లని పడగొట్టిన బలాన్నీ, నా చేతిలో బొండాం పెట్టిన ఆ మనిషినీ ఒకేసారి చూశాను. భయమో భక్తో నాకే తెలియనిది ఒకటి ఆ పొద్దున నాలో మొదలైంది.

నాన్నా అన్నయ్యా తిరిగి రాలేదు. పడవ కూడా దొరకలేదు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్రతి చెక్కనీ వదిన తిప్పి తిప్పి చూసేది. ఏడవలేదు. పుట్టింటివాళ్లు తీసుకెళ్తామంటే వెళ్లలేదు.

నేను చర్చికి వెళ్లడం మొదలుపెట్టింది తగువు కోసం. ఆదివారం కూడిక అయ్యాక అమ్మగారి వంటింటి గడప మీద కూర్చుని దేవుణ్ణి నోటికొచ్చినట్టు అనేదాన్ని. ఆవిడ చేటలో బియ్యం ఏరుకుంటూ వినేవారు.

"అయిపోయిందా? ఇంకేవైనా ఉందా?"

"ఉందండి."

"అయితే అది కూడా అనెయ్యి. నువ్వన్నావని ఆయనేం అలిగి వెళ్లిపోడులే."

అలా తిట్టడానికి వెళ్లి వెళ్లి, ఓ రోజు తిడుతూ తిడుతూ మధ్యలో ఆగిపోయాను. ఆయన లేడనుకుంటే ఇన్ని నెలలుగా నేను ఎవరితో దెబ్బలాడుతున్నట్టు? వింటున్నవారెవరో ఉన్నట్టే మాట్లాడుతున్నాను కదా! చేటలో బియ్యం, అమ్మగారి చేతి గాజులు, పొయ్యి మీద ఎసరు, అన్నీ మామూలుగానే ఉన్నాయి. నేను మాత్రం కొత్తచోట కూర్చున్నట్టున్నాను.

మరుసటి ఏడు సముద్రంలో కలిసే మా ఊరి కాలువలో బాప్తిస్మం తీసుకున్నాను. నావాళ్లని మింగిన నీళ్లలోకే మళ్లీ దిగుతున్నానని వణికిపోయాను. మునిగాను. అయ్యగారి చెయ్యి నన్ను పైకి లేపింది, కళ్లు తెరిస్తే ఎండ. అంత వెలుగు నేను ఎప్పుడూ చూడలేదు. వదిన తువ్వాలు పట్టుకుని గట్టు మీద నిలబడి ఉంది. "తల తుడుచుకో పిల్లా, జలుబు చేస్తాది" అంది. నేను మతం మారడం గురించి ఆమె అన్న మాట అదొక్కటే.

ఇక ఆ 'దేనికో' ఏమిటో తేల్చుకునే పనిలో పడ్డాను. పాటల బృందంలో చేరితే అయ్యగారు నా గొంతు రెండు వారాలు ఓర్చుకుని, "నువ్వు తాళాలు వాయించమ్మా" అన్నారు మర్యాదగా. సండేస్కూల్లో పాఠం చెప్పబోతే నా కోపానికి పిల్లలు గోడ దూకారు. నర్సు చదువుదామంటే ఇంటరు గట్టెక్కలేదు. చివరికి సాయం కింద వచ్చిన కుట్టుమిషనే గతి అయింది. వదిన ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి వచ్చేది. నేను అరుగు మీద కూర్చుని, ఊరు ఊరంతా కొట్టుకుపోయిన తుఫానులోంచి దేవుడు నన్ను లాగింది జాకెట్లకి హుక్కులు కుట్టడానికా అని ఆయన్నే నిలదీసేదాన్ని.

మూడో ఏడు వచ్చింది. మా సంఘంలో ఎవరికి ఏ మేలు జరిగినా ఇంటి దగ్గర కృతజ్ఞత కూడిక పెట్టుకుంటారు. ఉద్యోగం వచ్చినా, కాన్పు సుఖంగా అయినా, పోతాడనుకున్న మనిషి జ్వరం నుంచి లేచినా షామియానా వేసి, మైకు కట్టి, వాక్యం చెప్పించి, వచ్చినవాళ్లకి టీ, బూందీ ఇస్తారు. తుఫానులో ప్రాణం దక్కినందుకు నేనూ పెట్టుకుంటానన్నాను. తుఫాను రోజునే పెట్టుకోవాలి కదా. అదే రోజు నాన్నదీ అన్నయ్యదీ సంవత్సరీకం. అంతకుముందు వదిన పుట్టింట్లో జరిపించారు, ఈసారి ఇక్కడే చేస్తానంది. ఆమెది పొద్దుటి పని, మాది సాయంత్రం కూడిక, ఒకదానికొకటి అడ్డేముందిలే అనుకున్నాం ఇద్దరం.

వదిన పెరట్లో అరిటాకు వేసి, అన్నం, అన్నయ్యకి ఇష్టమైన బొమ్మిడాయిల పులుసు పెట్టి దూరంగా కూర్చుంది. కాకి ముట్టాలి. కాకి ముడితే పోయిన మనిషి వచ్చి తిన్నట్టు. అందాకా ఇంటివాళ్లు మెతుకు ముట్టరు. తుఫానుకి మా వైపు కాకులు కూడా పోయాయి, మళ్లీ అప్పుడప్పుడే ఒకటీ అరా కనిపిస్తున్నాయి. ఎదురుచూస్తుండగానే మధ్యాహ్నం అయింది. ముందు వాకిట్లో షామియానా కర్రలు దిగాయి. మైకువాళ్లు మా పెరటి చెట్టుకే హారను కట్టి "హలో, హలో" అంటూ మొదలుపెట్టారు, ఆపైన పాటల క్యాసెట్టు పెట్టారు. ఒక కాకి గోడ మీద వాలబోయి ఆ గోలకి ఎగిరిపోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. ముందు వాకిట్లో చాపలు పరిపిస్తున్న నాకు ఇదేమీ తెలియదు. తర్వాత వదిన చెబితేనే తెలిసింది.

జనం వచ్చి కూర్చున్నారు. అయ్యగారు మైకు ముందుకి వచ్చి గొంతు సవరించుకునేలోగా వదిన పెరట్లోంచి వచ్చింది. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టని మనిషి. అరవలేదు. అందరి ముందూ చేతులు జోడించింది.

"అయ్యగారండీ, ఆ మైకు కాసేపు ఆపించండి. మా ఆయన రాలేకపోతున్నారండి."

ఎవరో పెరటి వైపు తొంగిచూసి, కాకి ముట్టలేదంట అని గుసగుసగా చెప్పారు. సంఘపెద్ద ఒకాయన లేచి, "కాకులేంటమ్మా, మన కూడికలో..." అనబోయాడు. అయ్యగారు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. మైకు తీయించారు.

"లేవండి. అందరం వీధిలోకి వెళ్లి కూర్చుందాం. చప్పుడు చెయ్యకండి."

అందరూ లేచారు. పాటల పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని, ఎవరికి వారే వీధి ఇసుకలో కూర్చున్నారు. పిల్లలు ఏడవకుండా తల్లులు పాలకి పెట్టుకున్నారు. ఇలాంటి ఆచారాలు వద్దని ఏళ్ల తరబడి చెప్పిన అయ్యగారు, ఆ ఇసుకలోనే బాసింపట్టు వేసుకుని తల వంచుకున్నారు. ఎండ పచ్చబడింది. సముద్రం హోరు తప్ప ఇంకేం లేదు. ఆ హోరు విని మూడేళ్లలో మొదటిసారి నాకు కోపం రాలేదు. ఇంటి పక్క సందులో నిలబడి నేనూ ప్రార్థించాను. ఏమని? తండ్రీ, ఒక్క కాకిని పంపు అని. పైకి చెబితే నవ్వుతారు. అంత నిజంగా నేను ఇంకెప్పుడూ ప్రార్థించలేదు.

కాకి వచ్చింది. గోడ మీద అటూ ఇటూ చూసింది, కిందికి దిగింది, గెంతుకుంటూ ఆకు దగ్గరికి వెళ్లి పులుసు ముక్క కరుచుకుంది. వదిన నోరు తెరిచి ఏడ్చింది. అన్నయ్య పోయాక ఆమె ఏడుపు నేను వినడం అదే మొదలు. వీధిలో ఎవరో "స్తోత్రం" అన్నారు మెల్లిగా. తర్వాత ఒక్కొక్కరే అందుకున్నారు. ఎవరికోసం అంటున్నారో, దేనికి అంటున్నారో ఎవరూ విడదీసి చెప్పలేరు. ఇంతమంది చేత ఒక ఆడమనిషి దుఃఖం ముందు ఇంత బుద్ధిగా మౌనం పాటింపజేసినవాడు ఎవరో, ఆయన అక్కడే, ఆ ఇసుకలోనే ఉన్నాడని నాకు తెలిసిపోయింది.

ఆ రోజు వాక్యం లేదు. వదిన వండిన అన్నమే వచ్చినవాళ్లు తలా ఓ ముద్ద తిన్నారు. వడ్డిస్తూ వదిన అయ్యగారి ముందు ఆగింది.

"ఈ పిల్లని దేనికో ఉంచేరంటారు కదండీ. మరి మా ఆయన్నెందుకు ఉంచలేదండీ?"

ఇప్పుడేదో వాక్యం చెబుతారని అందరం చూశాం.

"నాకు తెలీదమ్మా," అన్నారు. "నిజంగా తెలీదు."

వదిన తలూపి ఆయన ఆకులో ఇంకో గరిటె అన్నం వేసింది. తెలియదని ఒప్పుకుంటూ కూడా దేవుణ్ణి వదలని మనిషిని నేను చూడటం అదే మొదలు. ఆ వారం పెద్దలు ఆయన్ని కూర్చోబెట్టి అడిగారట. "ఆ అమ్మ అలా ఎదురుచూస్తా ఉంటే మనం పాటలు పాడుకుంటే ఎలాగండీ" అన్నారట ఆయన. అంతకంటే సంజాయిషీ ఇవ్వలేదు.

మరో నాలుగేళ్లకి నాకు పిలుపు వచ్చింది. మన్యం ఊళ్లకి వెళ్లి, ఆడవాళ్లకి కుట్టు నేర్పుతూ వాక్యం చెప్పే బృందం ఒకటి నన్ను రమ్మంది. ఇదే, దీనికే నన్ను ఉంచాడు అని ఎగిరి గంతేశాను. వదిన నా సంచిలో ఎండుచేపల పొట్లం పెట్టి, "వెళ్లు పిల్లా, నాకేం పర్లేదు" అంది. బయల్దేరే రోజు పొద్దున ఆమె పెరట్లో ఒక్క కంచమే కడిగి బోర్లించడం చూశాను. ఇకనుంచి రోజూ ఆ ఒక్క కంచమే కడుగుతుంది. సంచి కింద పెట్టేశాను. పెళ్లివాళ్ల జాకెట్లు ఒప్పుకున్నానని వదినకి ఏదో వంక చెప్పాను. బస్సు వెళ్లిపోయింది.

పిలుపు పోగొట్టుకుందని సంఘంలో అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ప్రార్థన మానలేదు, చర్చి మానలేదు. 'నన్ను వాడుకో ప్రభువా' అని అడగడం మాత్రం మానేశాను. ఆయన మొహం చూసే మొహం లేకుండా పోయింది నాకు. నన్ను దేనికి ఉంచాడో అది చేజేతులా జారవిడిచాననే దిగులు ఏళ్ల తరబడి నాతోనే తిన్నది, నాతోనే లేచింది.

ఆ తర్వాత కొన్నేళ్లకి వదినకి అమలాపురం ఆసుపత్రిలో గర్భసంచి ఆపరేషను. లోపలికి తీసుకెళ్లడానికి వచ్చిన నర్సు కొత్తమ్మాయి, కలుపుగోలు మనిషి.

"ఈవిడ మీకేమవుతారండీ? చెల్లెలుగారా?"

"ఆడపడుచండి," అంది వదిన.

"మీవారు రాలేదాండీ?"

"ఆయన తుఫానుకి పోయేరండి."

నర్సు నాలిక్కరుచుకుని దుప్పటి సర్దడం మొదలుపెట్టింది. వదిన నా వైపు చూడలేదు. పక్కింటి పెద్దాయన చేసిన సాయం గురించి చెబుతున్నంత వినయంగా చెప్పింది.

"నేనూ ఆయన వెనకే పోదామనుకున్నానండి. ఈవిడ్ని నాకు ఉంచేరండి, దేవుడుగారు."

"ఆయ్, అలాగాండీ," అని నర్సు వదినని పడుకోబెట్టిన బండి తోసుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

తలుపు మూసుకుంది. ఇన్నేళ్లూ దేనికి, దేనికి అని ఆయన ప్రాణం తోడేశాను. ఎవరికి అని అడగాలనే బుద్ధి ఒక్కసారి పుట్టలేదు. జవాబు రోజూ నా ఎదురుగా కూర్చుని అన్నం తింటూనే ఉంది. ఆ సముద్రాన్నీ గాలినీ చేతిలో పెట్టుకున్నవాడు, నేను వెతుకుతున్న చోట్లన్నీ వదిలేసి, మా వంటింట్లో తన పని తాను చేసుకుపోయాడు. ఏడుపు ఆగలేదు. పక్కన బెంచీ మీదున్న పెద్దాయన ఏదో జరిగిందనుకుని, "ధైర్యంగా ఉండండమ్మా, మంచి డాక్టరుగారు" అన్నారు.

సాయంత్రానికి వదినకి తెలివొచ్చింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి, మాట సరిగా రావడం లేదు. దగ్గరికి వంగాను.

"తిన్నావా పిల్లా?" అంది.