తువ్వాలు కింది మాట

మా కింది ఇంటి భాయ్ గారు పోయారు. పోయిన శుక్రవారం పొద్దున్నే కాలేజీకని మెట్లు దిగుతుంటే ముఠా మేస్త్రి ఎదురొచ్చి, "మేడమ్ గారూ, ఆస్పత్రి నుంచి ఫోనొచ్చిందండీ. భాయ్ గారు ఇక లేరంట" అన్నాడు. చేతిలో టిఫిన్ బాక్సుతో అలాగే మెట్టు మీద కూర్చుండిపోయాను. ఆ రోజు మా వన్ టౌన్ పప్పుల బజార్లో ఒక్క షట్టర్ కూడా లేవలేదు. తోపుడు బళ్ళన్నీ గోడవారగా పెట్టేసి కూలీలు మా సందులోకి వచ్చి నిలబడ్డారు.

మీలో చాలామందికి ఆయన తెలియదు కాబట్టి చెబుతాను. భాయ్ గారు పప్పుల దలారీ. సరుకు తెచ్చినవాడికీ కొనేవాడికీ మధ్య కూర్చుని బేరం కుదిర్చేవారు. తెల్ల చొక్కా, భుజాన నీలం గళ్ళ తువ్వాలు, మైకు అక్కర్లేని గొంతు. నా చెప్పుల చప్పుడు వినపడితే చాలు, "ఏమ్మా, ఇవాళ కూడా టీ తాగకుండానే దేశాన్ని ఉద్ధరించడానికి బయల్దేరావా?" అనేవారు. మీరెలా ఉన్నారని తిరిగి అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు, "ఫస్ట్ క్లాస్!" జ్వరంతో మూలుగుతున్నా ఫస్ట్ క్లాసే. ఏం మనిషో!

నేను కాలేజీలో ఎకనామిక్స్ పాఠాలు చెబుతాను. కోవిడ్ అయిపోయాక ఒక ఫౌండేషన్ డబ్బిస్తే చిన్న పరిశోధన మొదలుపెట్టాను. జబ్బు ఊళ్ళోంచి వెళ్ళిపోయాక ఇళ్ళల్లో ఏం మిగిలిందన్నది నా ప్రశ్న. పనులు పోయినవాళ్ళు తిండి తగ్గించుకున్నారా? మందులు మానేశారా? కంటికి కునుకు పడుతోందా? వన్ టౌన్‌లో ముఠా కూలీల్ని, గుమస్తాల్ని, పామర్రు వైపు కౌలు రైతుల్ని అడుగుతూ నేనూ నా విద్యార్థులూ ఏడాదంతా తిరిగాం. తెచ్చుకున్న జవాబేమిటో తెలుసా? "బాగానే ఉన్నామండీ." ఏ ఇంటికెళ్ళినా అదే. పొయ్యి మీద గంజి కనపడుతూనే ఉంటుంది, నోరు మాత్రం బాగానే ఉన్నామంటుంది.

ఫౌండేషన్ వాళ్ళు మర్యాదగానే అడిగారు. అందరూ బాగానే ఉంటే రెండో ఏడాది డబ్బెందుకు? కమిటీ వచ్చి చూస్తుంది, ఇవ్వాలో ఆపాలో అప్పుడు తేలుస్తుంది అన్నారు. డబ్బాగితే నా ఉద్యోగానికేం ఢోకా లేదు. కానీ ఈ ఇళ్ళ గోడు ఎక్కడా నమోదు కాదు. మళ్ళీ అలాంటి రోగమే వస్తే సర్కారు సాయం మళ్ళీ ఆస్పత్రి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఆ సంగతి తలచుకుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆ మంటంతా ఒక సాయంత్రం భాయ్ గారి ముందు వెళ్ళగక్కాను. ఆయన పకపకా నవ్వారు.

"నలుగురి ముందు కాగితం పట్టుకుని 'ఆకలేస్తోందా' అంటే ఏ మగాడు అవునంటాడమ్మా? ఇటు యజమాని, అటు పెళ్ళాం. పరువుండదూ?"

"మరి ఎలా అడగమంటారు?"

భుజం మీది తువ్వాలు తీసి చేతి మీద కప్పుకున్నారు. వాళ్ళ నాన్నగారు పామర్రు దగ్గర పశువుల సంతలో దలారీ అట. సంతలో ఎద్దు ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పి, వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారు. చుట్టూ జనం ఉన్నా ఆ ఇద్దరికే తెలుస్తుంది.

"పక్కనోడు వింటున్నాడంటే నోరు అబద్ధమాడుద్ది. చేతికి ఆ బెంగ లేదు" అన్నారు.

"ఇది పరిశోధన భాయ్ గారూ, సంత కాదు."

"అయితే నీ ఇష్టం. అందరూ బాగానే ఉన్నారని రాసుకో, పో!"

రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడో రోజు నేనే దిగొచ్చాను. ఆయన లెక్క తేలిక. ఎన్ని పూటలు తింటున్నావంటే అన్ని వేళ్ళు. మందులు రోజుకెన్నిసార్లంటే అన్ని వేళ్ళు. పిడికిలి బిగిస్తే సున్నా. మగవాళ్ళని మగవాళ్ళే అడగాలి. ఆడవాళ్ళకి తువ్వాళ్ళెక్కణ్ణుంచి తేవాలా అని నేను తల పట్టుకుంటే, లోపల్నుంచి భాభీ గారు, అంటే ఆయన భార్య, "తువ్వాలెందుకమ్మా, కొంగు లేదూ!" అన్నారు. తర్వాత మా సందులో ఆడవాళ్ళందరికీ తన చున్నీ కింద ఆ లెక్క నేర్పింది ఆవిడే. పేర్లు రాసుకోలేదు, అంకెలే రాసుకున్నాం. భాయ్ గారు పెట్టిన షరతు ఒక్కటే. "తువ్వాలు కింది మాట తువ్వాలు కిందే ఉండాలి. బయటపెట్టినోడికి మళ్ళీ సంతలో ఎవడూ చెయ్యివ్వడు."

పిడికిళ్ళు వచ్చాయండీ. అన్ని పిడికిళ్ళు వస్తాయని నేను కూడా అనుకోలేదు.

కమిటీ వచ్చింది. భాయ్ గారి కొట్లోనే కందిపప్పు బస్తాల మధ్య కుర్చీలేశాం. వాళ్ళలో ఒకాయన మా అంకెలు చూసి కళ్ళజోడు తీశారు. "మేడమ్, ఇది రీసెర్చా, పశువుల బేరమా? ఏదీ, మా ముందు ఒకసారి చేసి చూపించండి" అన్నారు. నేను కూలీల వంక చూశాను. అందరూ నేల చూపులు చూస్తున్నారు. ఇంకాసేపు అలాగే ఉంటే వాళ్ళు లేచి వెళ్ళిపోయేలా ఉన్నారు.

"నన్నడగమ్మా" అంటూ భాయ్ గారు ముందుకొచ్చారు.

పరాయి ఆడవాళ్ళతో ఆయన ఏనాడూ చెయ్యి కలపలేదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని సలాం చెప్పడమే ఆయన అలవాటు. ఆ రోజు మాత్రం తువ్వాలు పరిచి, దాని కింద చెయ్యి నాకిచ్చారు. ఆయన్ని ఇబ్బంది పెట్టకూడదని అన్నిట్లోకీ తేలికైన ప్రశ్న ఏరుకున్నాను. బీపీకీ షుగరుకీ పొద్దునా సాయంత్రం గోలీలు వేసుకుంటారని నాకు తెలుసు. "వేసుకున్నారా?" అని భాభీ గారు అరవడం, "వేసుకున్నా!" అని ఈయన అరవడం రోజూ మా మేడ మీదికి వినపడేదే.

"మందులు రోజుకి ఎన్నిసార్లు వేసుకుంటున్నారు?"

రెండు వేళ్ళ కోసం చూస్తున్నాను. నా చేతిలో పిడికిలి బిగుసుకుంది.

పొరపాటేమోనని మళ్ళీ తడిమాను. పిడికిలే. తలెత్తి చూస్తే ఆయన కమిటీ వైపు తిరిగి హాయిగా నవ్వుతున్నారు. నోరు విప్పడానికి లేదు, మాటిచ్చాను. చెయ్యి వదలడానికీ మనసొప్పలేదు. పరిశోధన చేసేవాళ్ళు చెయ్యకూడని పనే చేశాను. ఆయన పిడికిలిలోంచి ఒక వేలు విప్పాను, రెండోది కూడా విప్పాను. ఆయన రెండోది ముడిచేశారు. నేను మళ్ళీ విప్పాను. మళ్ళీ ముడిచారు. పైన అందరూ చూస్తున్నారు, కింద మేమిద్దరం బేరమాడుతున్నాం. ఆయన నుదుట చెమట పట్టింది. చివరికి ఆ రెండు వేళ్ళూ తెరుచుకుని అలాగే నిలిచాయి. అప్పుడు చెయ్యి వదిలాను.

"ఏం చెప్పారాయన?" అన్నారు కళ్ళజోడాయన.

"చెప్పనండి."

"డబ్బిచ్చేది మేము. మాకు కూడా చెప్పరా?"

"మీక్కూడా చెప్పనండి."

భాయ్ గారు అందుకున్నారు. "ఆవిడ చెప్పిందంటే రేపట్నుంచి ఈ బజార్లో ఒక్కడు చెయ్యివ్వడు సార్. మీ డబ్బు మీ దగ్గరే ఉంటుంది, వీళ్ళ కడుపులో మాట వీళ్ళ దగ్గరే ఉంటుంది."

సంగతి తర్వాత తెలియజేస్తామని కమిటీ వాళ్ళు టీ తాగి వెళ్ళిపోయారు. కారు సందు మలుపు తిరగ్గానే నేను భాయ్ గారి మీద విరుచుకుపడ్డాను. ఆయన తువ్వాలు దులుపుకుంటూ గోడకేసి చూశారు. "కోవిడ్‌లో కొట్టు మూసేసినన్నాళ్ళూ ముఠావాళ్ళ ఇళ్ళకి బియ్యం పంపాలి కదమ్మా. ఎక్కడో ఒకచోట తగ్గించుకున్నా. మానేసినా ఏం కాలేదులే అని అలాగే ఉండిపోయా. ఇంట్లో చెప్పకు." ఆ 'ఫస్ట్ క్లాస్' వెనక ఇంత ఉందని తెలిసి నాకు కోపం ఎక్కువైంది, ఏడుపు ఇంకా ఎక్కువైంది.

రెండో ఏడాది డబ్బొచ్చింది. ఎందుకిచ్చారో రాయలేదు. ఆ ఏడాది రిపోర్టులో మందులు మానేసినవాళ్ళ సంగతే అన్నిటికంటే ముందు పెట్టాం.

ఆ తర్వాత ప్రతి సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి భాయ్ గారు గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో చేతి మీద తువ్వాలు కప్పుకుని కూర్చునేవారు. ఎవరితోనో మాట్లాడుతూనే ఉంటారు, నా వంక చూడనైనా చూడరు. తువ్వాలు కింద రెండు వేళ్ళు లేచి ఆడేవి. నేను మెట్లెక్కి వెళ్ళిపోయేదాన్ని. గుండె మొరాయించి ఆస్పత్రిలో చేరేదాకా ఒక్క సాయంత్రం కూడా తప్పలేదు. మందులు ఆయన్ని కొన్నేళ్ళు నిలబెట్టాయి, ఇంకొన్నేళ్ళు నిలబెడతాయనుకున్నాను.

చివరిసారి ఆస్పత్రిలో చూసినప్పుడు గొంతు బాగా సన్నగిలిపోయింది. "ఇంట్లో నేనే చెప్పేశానమ్మా. ఇంక నువ్వు రాసుకోవచ్చు. సరుకు అమ్ముడైపోయాక రేటు దాచుకుని ఏం చేస్తాం?" అన్నారు. అందుకే మీకిదంతా చెప్పగలుగుతున్నాను.

నిన్న భాభీ గారిని చూడ్డానికి కిందికి వెళ్ళాను. గది నిండా ఆడవాళ్ళు. వచ్చినవాళ్ళంతా తిన్నారా, పడుకున్నారా అని అడుగుతున్నారు. ఆవిడ అందరికీ ఓపిగ్గా "తిన్నానమ్మా, పడుకున్నానమ్మా" అని చెబుతున్నారు. నేనేమీ అడగలేదు, పక్కన కూర్చున్నానంతే. కాసేపటికి చున్నీ కింద ఆవిడ చెయ్యి నా చేతిని వెతుక్కుంటూ వచ్చింది. పిడికిలి బిగించి ఉంది.

ఎవరో మళ్ళీ తిన్నారా అని అడిగారు. ఆవిడ తిన్నానంటున్నారు. నేను చున్నీ కింద ఒక వేలు విప్పాను. ఆవిడ ముడిచేశారు. మళ్ళీ విప్పాను.