మానుకోట నా గదికి భోజనానికి వచ్చిన రోజు

ఫోను అనే వస్తువు దొరవారింట్లో, పోలీసు స్టేషన్లో, నాలుగు పెద్ద దుకాణాల్లో మాత్రమే ఉండే కాలం ఒకటుండేది. అప్పట్లో ఒక ఊరి మాట ఇంకో ఊరికి చేరాలంటే మధ్యలో ఒక ఆడపిల్ల కూర్చుని, ఇక్కడి తీగ తీసి అక్కడ గుచ్చాలి. ఎనభైల మొదట్లో నేను జనగామ ఎక్స్ఛేంజిలో అలా గుచ్చేదాన్ని. రోజంతా నా చెవిలో సంబంధాలు కుదిరేవి, మిర్చి ధరలు పడిపోయేవి, అల్లుళ్ళు అలిగేవారు, మామలు బతిమాలేవారు. నాతో మాత్రం ఎవరూ మాట్లాడేవారు కాదు. ("నంబరు చెప్పండి" అంటే నంబరు చెప్పేవారు. దాన్ని కూడా సంభాషణ కింద జమ కట్టుకున్న రోజులున్నాయి.) అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బళ్ళు మూతపడి మా పెద్దవంగరలో ఖాళీగా తిరిగినప్పుడు నేను బాగా నేర్చిన విద్య ఒక్కటే, మాట్లాడటం. తీరా మాటల కొలువులోనే చేరాక ఆ విద్యకు గిరాకీ లేకపోయింది.

స్టేషను వెనక సందులో ఒక అవ్వ ఇంట్లో నాకో గది ఉండేది. అవ్వ బంగారంలాంటి మనిషి, కాకపోతే చెవుడు. పగలంతా చెవులతో బతికి, సాయంత్రం చెవులు వినపడని మనిషి పక్కకు చేరడం నా రాత. "తిన్నవా అవ్వా?" అని నేను అరిస్తే సందు చివరి ఇంటివాళ్ళు "తిన్నం" అనేవారు. అవ్వ నవ్వి ఊరుకునేది. ఆ తర్వాత నేను గదిలోకి పోయి, కిరోసిన్ స్టవ్వు వెలిగించి, పొద్దున వండిన అన్నంలో నిన్నటి చారు పోసుకుని, స్టవ్వు చేసే బుస్సుమనే చప్పుడును తోడు పెట్టుకుని తినేదాన్ని. స్టవ్వు ఆర్పేస్తే గదిలో ఇంకెవరూ లేరని తెలిసిపోతుందని, తినడం అయ్యేదాకా ఊరికే వెలగనిచ్చేదాన్ని. కిరోసిన్ రేషన్లో దొరికే రోజుల్లో ఇది చిన్న విలాసం కాదు.

నాకున్న ఇద్దరు స్నేహితురాళ్ళనూ నేను కళ్ళతో చూడలేదు. ఒకామె మహబూబాబాద్ ఎక్స్ఛేంజి బోర్డు మీద, ఒకామె భూపాలపల్లి బోర్డు మీద. మధ్యాహ్నం కాల్స్ పలచబడ్డాక, వరంగల్ బోర్డు దయ తలిస్తే ముగ్గురం ఒకే తీగ మీదికి వచ్చేవాళ్ళం. మాకు పేర్లు లేక కాదు, వాటితో పని పడలేదు. ఊళ్ళే మా పేర్లు. మహబూబాబాద్‌ను అందరూ మానుకోట అంటారు కాబట్టి ఆమె మానుకోట, నేను జనగామ. భూపాలపల్లి అనడానికి నోరు తిరగనప్పుడు ఆమెను ఉత్త "పల్లీ" అనేవాళ్ళం.

"ఏమే జనగామా, రాత్రి ఏం తిన్నవ్?" అనేది మానుకోట.

"నిన్నటి చారు."

"మొన్న గూడ నిన్నటి చారే అంటివి గదనే!"

ఒకరోజు పల్లి గొప్ప కబురు తెచ్చింది. అక్కడి ఇంజనీరు సాబు భార్యకు పట్నం నుంచి వాళ్ళ అక్క ట్రంక్ కాల్ చేసి, ఓ కొత్త వంట చెప్పిందట.

"ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చిన్నాడు చేసుకునేదట. మస్తు అల్కగ అయితదట" అంది పల్లి.

"నువ్వు వాళ్ళ మాటలు ఇన్నవా?" అన్నాను.

"నేనెందుకు ఇంట అక్కా? చెవుల పడ్డది. మకరోని అని ఉంటదట, గొట్టాల లెక్క. ఉడకబెట్టాలె. ఉల్లిగడ్డ, టమాట మగ్గబెట్టి కలపాలె. గిన్నెల పరిచి మీద మీగడ ఎయ్యాలె. పట్నంల దానికి పెట్టె పొయ్యి ఉంటదట. లేనోళ్ళు దమ్ము పెట్టినట్టు కింద సెగ, మూత మీద నిప్పులు పెట్టుకోవాలె. ఇగ ఆఖరుకు మూత తీసి..."

"తీసి?"

"ట్రంక్ కాల్‌కు ఇచ్చే మూడు నిమిషాలు అయిపోయినయ్. లైన్ కట్ చేసిన."

"నీ చేతులిరగ! ఇంకొక్క మాట ఆగితే నీ సొమ్మేం పోయేనే?" అని మానుకోట తిట్టింది.

"రూలు రూలే గదా అక్కా" అంది పల్లి.

ఆ విధంగా మాకు ముగింపు లేని వంట ఒకటి దక్కింది.

తర్వాత వారమే మానుకోట తన కబురు చెప్పింది. పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు బల్లార్షా అవతల ఎక్కడో రైల్వేలో పని. ఉద్యోగం మానేస్తోంది. "అటు పోతే ఇగ ఇటు రాను గావచ్చు. పోయేలోపల ఒక్కసారన్న నీ మొకం సూడాలె జనగామా. బుధవారం పగటి ప్యాసింజర్ల వస్త, పొద్దుగూకే బండికి మర్లి పోత. ఆ గొట్టాల వంట చెయ్యరాదు?" అంది. పల్లి మాత్రం రాలేనంది. ఆమె బోర్డు వదిలేస్తే కూర్చునే మనిషి లేడట. "నేను లేస్తే భూపాలపల్లి మొత్తం మూగదైతది" అని నవ్వబోయి, నవ్వలేకపోయింది.

ఇక నా హడావుడి చూడాలి. ఉద్యోగంలో చేరాక నా గదిలో ఇంకో మనిషి కూర్చుని అన్నం తినడం అదే మొదలు. రెండో కంచం కొన్నాను. అవ్వ దగ్గర రెండో పీట అడిగాను (సైగలతో. నేను పెళ్ళి పీటల గురించి అడుగుతున్నాననుకుని అవ్వ చాలా సంతోషించింది). మంగళవారం సాయంత్రం కిరాణా దుకాణానికి పోయాను.

"మకరోని ఉన్నదా సేటూ?"

"గదేంది? ఎట్లుంటది?"

"గొట్టాల లెక్క ఉంటది."

"గట్ల చెప్పు మరి! మకరోని గికరోని అంటే నాకేమెరుక?" అని పొట్లం కట్టి ఇచ్చాడు.

బుధవారం పొద్దుటి డ్యూటీ దిగి, వచ్చి విప్పితే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గొట్టాలు. పిల్లలు వేళ్ళకు తొడుక్కుని కరకర నమిలేవి, నూనెలో వేయిస్తే పొంగేవి. నాకు అనుమానం రాలేదు. పట్నంవాళ్ళ వంట గదా, రంగులుంటాయి అనుకున్నాను. ఉడకబెట్టాను. అవి కొంతసేపు ఉబ్బాయి, కొంతసేపు ఆలోచించాయి, ఆ తర్వాత అన్నీ ఒక్కటై ముద్దయిపోయాయి. గరిటె నిలబెడితే నిలబడింది. గోడలకు పోస్టర్లు అంటించేవాళ్ళకు పనికొచ్చే పదార్థం, అదీ మూడు రంగుల్లో. బండి వచ్చే వేళవుతోంది. పరుగెత్తుకుపోయి సేమ్యా తెచ్చాను. గొట్టంలో గొట్టం తీసేస్తే మిగిలేది సేమ్యానే గదా అని మనసుకు నచ్చజెప్పుకుని, దాన్ని ఉడికించి, టమాటా ఉల్లిగడ్డ కలిపి, మీగడ పరిచి, మూత మీద అవ్వ పొయ్యిలోని నిప్పులు పోసి, ఆమెనే కాపలా పెట్టి స్టేషనుకు పరుగు తీశాను.

ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాక గుర్తొచ్చింది, ఆమె ఎట్లుంటుందో నాకు తెలియదని. గొంతును బట్టి నేను పొడుగాటి, నిండైన మనిషిని ఊహించుకున్నాను. అలాంటివాళ్ళు ఇద్దరు దిగారు, ఇద్దరూ నన్ను దాటి పోయారు. జనం పలచబడుతున్నారు. ఏం తోచక, డ్యూటీలో అన్నట్టే గట్టిగా "నంబరు చెప్పండీ!" అన్నాను. ఒక పోర్టరు దిగ్గున తిరిగి తన బిళ్ళ నంబరు చెప్పాడు. అతని వెనకాల నా భుజం దాకా కూడా రాని పిల్ల ఒకతె, సంచి గుండెకు హత్తుకుని, పగలబడి నవ్వుతోంది. ఆ నవ్వు నాకు తెలుసు.

నవ్వు అయ్యాక మాటలు రాలేదు. సందు దాకా నడిచాం. "ఎండ" అంది. "అవును" అన్నాను. పీటల మీద ఎదురెదురుగా కూర్చున్నాం. మూత తీశాను. పైన బొగ్గు, అడుగున చారు, నడుమ ఎక్కడో ఒక వేలెడు మందాన మాత్రం తినదగిన భాగం. దాన్నే ఇద్దరం పంచుకున్నాం. "బాగున్నది" అంది. "సేమ్యా" అన్నాను. ఆమె తలూపింది. అంతే. చెవిలో ఉన్నప్పుడు గలగలలాడే మనిషి ఎదురుగా కళ్ళతో, ముక్కుతో, ముక్కుపుడకతో కూర్చుంటే నా నోరు పెగలడం లేదు. ఆమె పరిస్థితీ అదే. కంచంలోకి చూసుకుంటూ గోరుతో మాడు గీకుతోంది. బండి టైము దగ్గర పడుతోంది. నాకున్న ఒక్క దగ్గరి మనిషి ఇంత దూరం వచ్చి, ఏమీ మాట్లాడకుండానే తిరిగిపోతుందేమోనని నాకు ఏడుపొచ్చింది. కనబడకుండా పీట మీదే అటు తిరిగి గోడకేసి కూర్చున్నాను.

కాసేపటికి వెనక ఆమె పీట కూడా జరిగిన చప్పుడైంది. నా వీపుకు ఒక చిన్న వీపు ఆనింది.

"హలో, జనగామనా?"

"జనగామనే. చెప్పు మానుకోటా."

ఇక ఆగితే ఒట్టు. పెళ్ళి చీరలు, అత్తగారి ముక్కు నత్తు, పల్లి గొంతుకు రొంప పట్టడం, అన్నీ వరసగా వచ్చేశాయి. నడుమ ఒకసారి గొంతు తగ్గించి, "నాకు భయమైతాందే. ఆయన ఎదురుగ కూసుంటే ఏం మాట్లాడాలె? నీ ఎదురుగనే నోరు రాకపాయె" అంది.

"దీపం ఆర్పి మాట్లాడు" అన్నాను.

"సిగ్గు లేదే నీకు!" అని వీపుతోనే ఒక్క పోటు పొడిచింది. ఇద్దరం నవ్వే నవ్వుకు కంచాలు కదిలాయి. నిప్పులు తీసుకుపోదామని వచ్చిన అవ్వ, చెరో గోడకు మొహం పెట్టి కూర్చున్న మమ్మల్ని చూసి బెంగపడిపోయింది. "అయ్యో, కొట్లాడుకున్నరా బిడ్డా? జర కలిసుండుండ్రి" అంది.

చీకటి పడకముందే బండి వచ్చింది, పోయింది.

తెల్లారి మధ్యాహ్నం పల్లి లైన్లోకి వచ్చింది. "అక్కా, ఎట్లున్నది మానుకోట?" అని ఆత్రంగా అడిగింది. చెబుదామని కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకోబోతే ముఖం రాలేదు. ముక్కుపుడక వచ్చింది, అదీ ఏ వైపుదో తేలలేదు.

"వెచ్చగ ఉండె" అన్నాను.

"నేనడిగింది వంట సంగతి కాదక్కా, మనిషి సంగతి."

"నేను చెప్పేది గూడ మనిషి సంగతే."

పల్లి చాలాసేపు లైన్లోనే ఉంది. నేనూ కట్ చేయలేదు.

ఇప్పుడు నా వంటింట్లో పెట్టె పొయ్యి ఉంది, మకరోని అసలుదే దొరుకుతుంది, మూత తీశాక ఏం చేయాలో కూడా తెలిసింది (తినాలి, అంతే). పని ఎక్కువైన రోజు సాయంత్రం చేసుకుంటాను. దూరాన ఉంటున్న మా పిల్లలు ఫోన్లో ముఖం చూస్తూ మాట్లాడమంటారు. ముఖం కనబడితే నాకు మాట పోతుంది, అందుకని ఫోనును గోడవైపు తిప్పి పెడతాను. "అమ్మా, గోడ కనిపిస్తున్నది" అంటారు. "ఉండనీ, మంచిగ వినబడుతున్నరు" అంటాను. వాళ్ళు పెట్టేశాక కంచం తెచ్చుకుని, అదే గోడకు వీపు ఆనించి కూర్చుంటాను. మొదట చల్లగా ఉంటుంది. తినడం పూర్తయ్యేసరికి, నా వీపు వేడికే కావచ్చు, అదీ కాస్త వెచ్చబడుతుంది. ఈ వయసులో ఇదేం పిచ్చే అని నన్ను నేనే కసురుకుని, నవ్వుకుని, ఇంకొంచెంసేపు అలాగే కూర్చుంటాను.