ఎర్రపెన్సిల్‌కి కోపం తెప్పించాలి

"అసలు పలకరించావా, పళ్లు బల్లమీద పెట్టేసి వచ్చేశావా?"

"పలకరించాను పెద్దమ్మా. నువ్వు అడిగానన్నావని కూడా చెప్పాను. ఆయన కిటికీ వంకే చూస్తూ కూర్చున్నారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు."

పెద్దమ్మ మోకాలికి చుట్టిన గుడ్డ విప్పి మళ్లీ బిగించింది. "ఈ కాలు సరిగ్గా ఉంటే నిన్నెందుకు పంపేదాన్నిరా! లిఫ్టు లేని మూడో అంతస్తులో కాపురం పెట్టాడు మహానుభావుడు."

చెల్లెలి కొడుకు నవ్వబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు.

పెద్దమ్మ ఒకప్పుడు అచ్చాఫీసులో కంపోజిటరు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, పక్కపక్కన పేర్చి పేజీ కట్టడం ఆమె పని. అలా కట్టిన పేజీల్లో తప్పులు పట్టే ప్రూఫ్ రీడరు ఆయన. చెవిమీద ఎప్పుడూ ఎర్రపెన్సిల్ ఉండేది కాబట్టి చాటున అందరికీ ఎర్రపెన్సిలే, ఎదుటపడితే మాస్టారు. ఈమధ్య ఆయనకు పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ స్వాధీనమయ్యాయి గానీ నోరు విప్పడం లేదు. మాట వస్తుంది, ఆయనే ప్రయత్నించడం లేదు, ఇలాగే వదిలేస్తే నిజంగానే పోతుంది అని డాక్టరు ఆయన కూతురితో అన్నాడట. అది విన్నప్పటినుంచీ పెద్దమ్మకు ముద్ద దిగడం లేదు.

"మాటే తిండిగా బతికిన మనిషిరా," అంది.

చెల్లెలి కొడుకు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఆ అచ్చాఫీసు అతను చూసినది కాదు. అయినా పెద్దమ్మ చెప్పగా చెప్పగా కళ్లకు కట్టిపోయింది. వీధిలోకి తెరుచుకునే పొడుగాటి గది. ముందు యజమాని బల్ల, వెనక మిషను, నడుమ కిటికీ పక్కన ఆమె నిలబడే చోటు. ఎదురుగా ఏటవాలుగా ఒకదానిపైన ఒకటి రెండు అక్షరాల గళ్లపెట్టెలు. గది నిండా సిరా వాసన, కిరసనాయిలు వాసన. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, అదీ అద్దంలో చూసినట్టు తిరగేసి. అర్థాలు మాత్రం ఒక్క ముక్క తెలియదు. "తాళంచెవులు చేసేదాన్నే గానీ ఏ ఇంట్లోకీ అడుగుపెట్టి ఎరగను," అంటుంది.

అలాంటి ఆమె చేతికి ఒకసారి పిల్లల కోసం రాసిన ఇంగ్లీషు నుడికారాల పుస్తకం వచ్చింది. వాళ్ల పెట్టెలో 'ఇ' (E) అక్షరాలు చాలా తక్కువ. ఇంగ్లీషుకేమో 'ఇ' లేనిదే పూట గడవదు. నాలుగు పేజీలు కట్టేసరికి ఆ గడి ఖాళీ. ఆ పేజీలు అచ్చయి, అక్షరాలు కడిగి మళ్లీ గళ్లలో వేసేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవడమే. సరిగ్గా అప్పుడు మాస్టారు స్టూలు లాక్కుని వచ్చేవాడు.

"అప్పర్ కేస్ అంటే ఏమిటనుకుంటున్నావమ్మాయ్? నీ ఎదురుగా ఉన్న పైపెట్టే! పెద్దక్షరాలు అందులో ఉండేవి కాబట్టి లోకమంతా వాటిని అలాగే పిలుస్తోంది," అన్నాడు మొదటిరోజు. ఆమె ఆ పైపెట్టెను కొత్తగా చూసుకుంది. తన పనిముట్టు పేరు అంతమంది నోట నానుతోందంటే పొంగిపోయింది.

నాటకశాలలో సున్నపుకడ్డీని మంటలో తెల్లగా కాగేలా చేసి ఆ వెలుగు నటుడిమీద పడేట్టు పెట్టేవారట. అదే లైమ్‌లైట్, అందరి చూపూ పడే చోటు. ఉతికిన ఉన్నిగుడ్డను చట్రంమీద కొక్కేలకు తగిలించి లాగి బిగించేవారట. మనసు అలా బిగుసుకుపోతే టెంటర్‌హుక్స్ మీద ఉన్నట్టు. సార్ట్స్ అనే ఈ సీసపు అక్షరాలు అయిపోయి కంపోజిటరు చిరాకుపడటంలోంచి అవుట్ ఆఫ్ సార్ట్స్ పుట్టిందని కొందరంటారని చెప్పి, "గట్టిగా చెప్పలేం సుమా, అంటారు అంతే," అని చెవిమీది పెన్సిల్ సర్దుకునేవాడు.

"నాకు నచ్చింది అదేరా. తెలిస్తే తెలుసనేవాడు, తెలియకపోతే తెలియదనేవాడు. ఎవరిమీదా గొంతు పెంచి ఎరగడు. ఒక్కసారి తప్ప."

"ఏమైంది?"

"కుక్కలూ పిల్లులూ కురిసినట్టు వాన అంటారు చూడు ఇంగ్లీషులో, కుండపోతకి. అది ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదన్నాడు మాస్టారు. 'ఎవరికీ తెలియని దాన్ని పుస్తకంలో ఎందుకు వేస్తున్నామండీ' అన్నాను. అదే రాద్దాం, తెలియదనే రాద్దాం అన్నాడు. మా యజమానికి అది నచ్చలేదు. పిల్లలకు కథ కావాలన్నాడు. పూర్వం కుక్కలూ పిల్లులూ గడ్డికప్పులమీద పడుకునేవనీ, వాన పడితే జారి కిందపడేవనీ ఎవరో చెప్పిన కథ ఒకటి పట్టుకొచ్చాడు."

"బాగుందిగా!"

"నీకు బాగుంటుంది. మాస్టారు లేచి నిలబడ్డాడు. మొహం జేగురురంగయింది. 'కుక్క కప్పెక్కి పడుకోవడం మీరెప్పుడైనా చూశారా? అందులోనూ వానలో! కట్టుకథ అచ్చేసి పిల్లల నెత్తిన రుద్దుతారా?' అని మిషను చప్పుడుని మించి అరిచాడు. మిషను ఆపేసి మరీ విన్నాం మేమంతా. యజమాని ఆ కథ మానుకుని వెళ్లి బల్ల దగ్గర కూర్చున్నాడు."

పెద్దమ్మ నవ్వింది. నవ్వుతూనే కళ్లు ఒత్తుకుంది. ఆ గది ఇప్పుడు మందుల కొట్టు. అక్షరాలు ఎప్పుడో కరిగిపోయాయి. చెల్లెలి కొడుకు మంచినీళ్ల గ్లాసు అందించాడు. ఆమె తాగలేదు. గ్లాసు పక్కన పెట్టి, చప్పున అతని వైపు తిరిగింది.

"కుశలం అడిగితే ఆయనెందుకు పలుకుతాడ్రా? ఊరంతా అదే అడుగుతోంది. చెప్పులేసుకో."

"ఇప్పుడే వచ్చాను కదా పెద్దమ్మా!"

"మళ్లీ వెళ్లు. పక్కన కూర్చుని, ఆ పుస్తకం మళ్లీ అచ్చవుతోందని చెప్పు. అందులో గడ్డికప్పుల కథ వేస్తున్నారని చెప్పు. నీకు కూడా అదే నిజమనిపిస్తోందని చెప్పు."

"అన్నీ అబద్ధాలే!"

"అబద్ధాలే. ఆయన కాదనేదాకా చెబుతూనే ఉండు. తిడితే పడు. ఒక్క తిట్టయినా తిట్టించుకుని రా నాయనా."